బేరమాడని గొర్రె

పోయినవారం సల్కినాయ్‌ని వంటింటి కిటికీ దగ్గర, చేతిలో ఫోనుతో వదిలేసి వచ్చాం. ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది. మరిచిపోయినవాళ్ళ కోసం, ఈ వారమే మన గుమ్మం తొక్కినవాళ్ళ కోసం, ముందు జరిగింది కొంచెం చెబుతాను.

బిష్కెక్ శివారులో ఉండే ఉర్కియాకు సల్కినాయ్ చిన్నకోడలు. ఈ చలికాలం నుంచి అత్తగారి పెట్టెలో మూలుగుతున్న శాలువాలను ఫోనులో పెట్టి అమ్ముతోంది. మా దగ్గర పెళ్ళంటే వియ్యాలవారు ఒకరికొకరు బట్టలు పెట్టుకోవాలి. కియిత్ అంటాం. పెట్టించుకున్నావిడ "అబ్బ, ఎంత బావుందో!" అని అందరిముందూ మురిసిపోతుంది. ఇంటికి తెచ్చి పెట్టెలో పడేస్తుంది. ఇంకో పెళ్ళిలో ఇంకొకావిడ భుజాన కప్పి చేతులు దులుపుకుంటుంది. ఒంటిమీద వేసుకున్న మనిషిని నేనైతే ఇంతవరకూ చూడలేదు. "చిమ్మటలు బలుస్తున్నాయి, అమ్ముకోవే" అని ఉర్కియాయే తాళంచెవి ఇచ్చింది.

ఒక్కటే షరతు పెట్టింది. ఆకుపచ్చ మూట ముట్టుకోకూడదు. అందులో ఉన్నవి కొత్త వియ్యపురాలు రాపియా పెట్టినవి. ఉర్కియా కూతురు ఐజిరెక్ ఆ రాపియాకు కోడలు. "ఆవిడ పెట్టినదేదైనా ఆ ఫోనులో కనపడిందో, ఆ రోజే నీ కొట్టు మూత. నా కూతురు ఆ ఇంట్లో తలెత్తుకు తిరగాలి" అంది ఉర్కియా.

ఇలా ఉండగా, ముఖం ఉండాల్సిన చోట తెల్ల గొర్రె బొమ్మ పెట్టుకున్న ఒక మనిషి సల్కినాయ్ దగ్గర వరసగా మూడు శాలువాలు కొంది. ఒక్క మాట బేరమాడలేదు. శనివారం ఆ గొర్రె దగ్గర్నుంచి ఒక సందేశం వచ్చింది. "దానిమ్మ రంగుది, వెండిపోగు అంచుది, అది కూడా మీ దగ్గర ఉంది కదా?"

దానిమ్మ రంగు శాలువాను సల్కినాయ్ ఎక్కడా పెట్టలేదు. అది ఆకుపచ్చ మూటలో ఉంది. కొనేవాళ్ళు అడిగితే వెంటనే బదులివ్వడం అలవాటైపోయిన వేళ్ళు, బుర్ర వద్దనేలోగానే "ఉంది" అని కొట్టేశాయి. పోయినవారం మనం ఆగింది అక్కడే.

ఆ ఒక్క ముక్క రాశాక సల్కినాయ్‌ పైకి మామూలుగానే టీ కాచింది, రొట్టె కోసింది, మొగుణ్ణి పనికి పంపింది. లోపల మాత్రం ఒకటే ప్రశ్న. పెట్టె అడుగున, పరుపుల దొంతర కింద, మూటకట్టి ఉన్నదాని రంగు బయటివాళ్ళకు ఎలా తెలిసింది? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఆ మూట విప్పి చూసినవాళ్ళు ఈ కుటుంబంలో ముగ్గురే. అత్తగారు, తను, వేరు కాపురం ఉంటున్న తోడికోడలు జిపర్. అత్తగారికి ఫోనులో అక్షరాలు కనపడవు. ఇక మిగిలిందెవరు?

సల్కినాయ్ భయాన్ని తేలిగ్గా తీసుకోకండి. ఆ కొట్టు ఊరికే రాలేదు. మొదట్లో ఈ పిల్ల అన్నీ ఒకేసారి ఎత్తుకుంది. దోర్దోయ్ బజారు నుంచి పిల్లల బూట్లు, ముఖానికి రాసుకునే క్రీములు, టీ కెటిళ్ళు మోసుకొచ్చి గదినిండా పోసింది. పొద్దున లేస్తే సందేశాల వాన. ఒకరికి బూటు సైజు, ఇంకొకరికి కెటిల్ రంగు. ఒకరికి పంపాల్సింది మరొకరికి వెళ్ళేది. ఒకరోజు బొగ్గుల కొట్టం వెనక కూర్చుని ఏడుస్తుంటే, దోర్దోయ్‌లో చాన్నాళ్ళుగా కొట్టు నడుపుతున్న బురుల్ ఎజె, అంటే బురుల్ అక్క, వచ్చి పక్కన కూర్చుంది.

"నీళ్ళు కనపడకముందే బూట్లు విప్పేసుకున్నావేంటే?" అంది. "ఆ చెత్తంతా ఎవరిది వాళ్ళకి తిరిగిచ్చెయ్. ఇంట్లో ఉన్నదాంతో మొదలెట్టు. ఒకటే రకం సరుకు. ఒకటే గోడ, దానిమీదే ఫోటో. పొద్దున ఓ గంట సందేశాలు చూడు, తర్వాత ఫోను అటక మీద పెట్టు. శాలువా కొనేవాళ్ళు మూల చూస్తారు కాబట్టి మూల దగ్గరగా తియ్. మచ్చుంటే మచ్చుందని చెప్పు. అంతే, ఇందులో బ్రహ్మవిద్య ఏం లేదు. ఆఁ, ఇంకోటి. బేరమాడనివాళ్ళని మాత్రం నమ్మకు."

ఆ మాటల్లో ఆఖరిదొక్కటీ తప్ప అన్నీ పాటించింది సల్కినాయ్. కొట్టు నిలబడింది. పెళ్ళై వచ్చాక ఈ ఇంట్లో తనది అని చెప్పుకోడానికి ఆమెకు దొరికింది అదొక్కటే. అందుకే అది పోతుందేమోనని ఆమెకంత భయం.

సోమవారం ఉర్కియా పక్కింటి పసిగుడ్డును చూడ్డానికి వెళ్ళింది. అదే అదను చూసి సల్కినాయ్ జిపర్‌ని టీకి పిలిచింది. జిపర్ వచ్చి, బూట్లు విప్పి, జామ్ గిన్నె తనవైపు లాక్కుంది.

"ఏంటి, ఎజె మీద ఇవాళ ఇంత ప్రేమ? జామ్ కూడా కొత్త సీసా తీశావ్!"

"ఎజె, నీకు గొర్రెలంటే ఇష్టమా?"

"ఉడికినవైతే ఇష్టమే."

"ఫోనులో పెట్టుకునే గొర్రెలు?"

జిపర్ చెంచా ఆపింది. ఎదురుగా ఉన్న మనిషిని ఎగాదిగా చూసింది. "సూటిగా అడుగు. డొంకతిరుగుడు నీకు రాదు."

సల్కినాయ్ ఫోను ముందు పెట్టింది. జిపర్ సందేశాలన్నీ కిందనుంచి పైకి, పైనుంచి కిందకి చదివి పకపకా నవ్వింది.

"నేనా? మూడు శాలువాలు బేరమాడకుండా కొనేంత ఉంటే, నీ ఇంటికి ఈ చిల్లు మేజోళ్ళతో వస్తానా? చూడు, చూడు!" అంటూ కాలు పైకెత్తి చూపించింది. బొటనవేలు నిజంగానే బయటికి తొంగిచూస్తోంది.

"మరి దానిమ్మ రంగు సంగతి ఎవరు చెప్పారు? మూట విప్పినప్పుడు నువ్వూ ఉన్నావు."

"నువ్వూ ఉన్నావు కదమ్మా. నేనూ అడగచ్చు. ఆ 'ఉంది' అని రాసిన చెయ్యి ఎవరిది? ముట్టుకోవద్దన్న మూటలోది అమ్ముతానని మాటిచ్చింది నువ్వు. నన్నంటావేంటి?"

సల్కినాయ్ ముఖం కందగడ్డలా ఎర్రబడింది. "అమ్ముతానన్లేదు. ఉంది అన్నానంతే."

"కొట్టు పెట్టుకున్నావిడ ఉంది అంటే అర్థం ఏంటో చంటిపిల్లకి కూడా తెలుసు."

 అనుమానం ఒకసారి ఇంట్లోకి వచ్చిందంటే టీ కూడా చేదెక్కుతుంది. జిపర్‌కే ముందు ఓపిక నశించింది. "లే. మూట విప్పుదాం. శాలువా అక్కడే ఉంటే సగం గొడవ తీరినట్టే. లేదని రాసి ఊరుకో."

పరుపులు ఒక్కొక్కటే దించారు. పెట్టె మూత తీశారు. ఆకుపచ్చ మూట పైకి తీసి నేలమీద పెట్టగానే జిపర్ కనుబొమలు ముడిపడ్డాయి.

"ఈ ముడి నేను వేసింది కాదు."

"నేనూ కాదు. నేను దీన్ని తాకనే లేదు."

విప్పారు. రాపియా పెట్టిన కోటు గుడ్డ ఉంది. తెల్ల రుమాళ్ళు ఉన్నాయి. మగవాళ్ళ టోపీ ఉంది. దానిమ్మ రంగు శాలువా మాత్రం లేదు.

సల్కినాయ్ నేలమీద చతికిలబడింది. జిపర్ మూటనంతా రెండుసార్లు దులిపింది. దులిపితే శాలువా రాలుతుందా? ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చూపులో ఏముందో చెప్పనక్కర్లేదు. 'ఇది నువ్వు తీశావా?' అని సల్కినాయ్ అనుకుంది. 'నువ్వే తీసి నా మీదికి తోస్తున్నావా?' అని జిపర్ అనుకుంది. 

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. గొర్రె.

"టాక్సీతో పంపకండి. ఈసారి మీరే తీసుకురండి." దాని కింద ఊళ్ళోని ఒక చిరునామా, నాలుగో అంతస్తు.

"వెళ్ళద్దు" అంది సల్కినాయ్.

"వెళ్ళాలి. నేనూ వస్తా. నువ్వు అనుమానించిన ఈ మొహాన్నీ, ఆ గొర్రె మొహాన్నీ పక్కపక్కన పెట్టి చూపిస్తా" అని జిపర్ అప్పుడే బూట్లు తొడుక్కుంటోంది.

"శాలువా లేకుండా వెళ్ళి ఏం చెప్తాం?"

"ముందు మొహం చూద్దాం. మొహాన్ని బట్టి మాట."

వ్యానులో జనం కిక్కిరిసి ఉన్నారు. ఇద్దరూ ఒకే కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. దారిలో జిపర్ వంగి చెవిలో అంది. "ఆ రంగు తెలిసింది మన ముగ్గురికే అనుకున్నావు కదా. లెక్క తప్పేమో. ఆ శాలువా రంగు తెలిసినవాళ్ళు ఇంకొకళ్ళున్నారు."

"ఎవరు?"

"పెట్టినావిడ."

సల్కినాయ్‌కి నవ్వు రాబోయింది. రాపియా ఉండేది వేరే ఊళ్ళో, తొక్మోక్‌లో. ఈ చిరునామా ఊరి నడిబొడ్డున. అయినా అంత పెద్దావిడ గొర్రె బొమ్మ పెట్టుకుని శాలువాలు కొంటుందా? "నీకు మతిపోయింది ఎజె" అంది. 

నాలుగో అంతస్తు తలుపు వాళ్ళు కొట్టకముందే తెరుచుకుంది. గుమ్మంలో రాపియా నిలబడి ఉంది. తలమీద తెల్ల రుమాలు, ముఖంలో నవ్వూ లేదు, కోపమూ లేదు.

"ఇది నా పెద్దకూతురి ఇల్లు. నెలరోజులుగా ఇక్కడే ఉంటున్నాను" అంది. "రండమ్మా. ఇద్దరూ వచ్చారే."

సల్కినాయ్ వెనక్కి ఒక అడుగు వేసి, పెద్దావిడలను పిలిచే పిలుపుతో మొదలెట్టింది. "అపా, మేము… వేరే పని మీద… ఇప్పుడే వెళ్ళిపోవాలి."

రాపియా పళ్ళెంలో రొట్టె పట్టుకుని సిద్ధంగా ఉంది. "రొట్టె తుంచకుండా గుమ్మం దాటి పోతావా? మీ అత్తగారు నీకు అది కూడా నేర్పలేదా?"

ఇంకేం చేస్తారు? తుంచారు. తుంచినవాళ్ళు లోపలికి రాక తప్పదు, వచ్చినవాళ్ళు కూర్చోక తప్పదు. గదిలో సోఫా మీద సల్కినాయ్ అమ్మిన మూడు శాలువాలు వరసగా పరిచి ఉన్నాయి. ఆమె వేసిన మడతలు ఇంకా అలాగే ఉన్నాయి.

"ఫోటోలు బాగా తీస్తావు తల్లీ. ముఖ్యంగా మూలలు" అని రాపియా మొదటి శాలువా మూల తిరగేసి చూపించింది. అంచు లోపల ఒక చిన్న నీలం కుట్టు ఉంది. రెండోదానికీ ఉంది. మూడోదానికీ ఉంది. "ఇది మా అమ్మ అలవాటు. నేను ఎవరికి ఏ శాలువా కప్పినా ముందురోజు ఈ కుట్టు వేస్తాను. దీవెనలాంటిదని అమ్మ అనేది. నీ ఫోనులో చూసేసరికి నా గుండె ఆగినంత పనైంది. నా చేత్తో వేసిన కుట్టు, కింద ధర!"

జిపర్ గొంతు సవరించుకుంది. సల్కినాయ్ ఆమెను ఆపి తనే మాట్లాడింది. ఇక్కడ మాట్లాడకపోతే కొట్టు పోతుందని ఆమెకు తెలుసు, కొట్టుతోపాటు పరువూ పోతుందని తెలుసు.

"అపా, ఒట్టు పెట్టి చెప్తున్నా. మీ మూట నేను విప్పి అమ్మలేదు. ఈ ఊదారంగుది జిపర్ ఎజె తమ్ముడి పెళ్ళిలో మా అత్తగారికి పెట్టారు. ఈ పసుపుది మా ఆయన మేనత్త ఇచ్చింది. ఈ నల్లది ఎదురింటివాళ్ళ ఉయ్యాల పండక్కి వచ్చింది. వీటిలో ఒక్కటీ మీ చేతి నుంచి మా ఇంటికి రాలేదు."

రాపియా ఊదారంగు శాలువా ఒళ్ళోకి తీసుకుంది. దాని అంచు వేళ్ళతో తడిమింది.

"ఇది నేను నా పినతల్లి కూతురికి కప్పాను" అంది మెల్లగా. "నా ఒళ్ళో తల పెట్టుకుని పెరిగింది. 'చచ్చేదాకా దాచుకుంటా అక్కా' అంది. ఆ పసుపుది మా అన్న భార్యకి. నల్లది… నల్లది ఎవరికిచ్చానో గుర్తులేదు." ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపంతో పిలిపించుకున్న మనిషి ఏడుస్తుంటే సల్కినాయ్‌కి ఎటు చూడాలో తెలియలేదు. "అంటే నేను కప్పినవేవీ ఎవరి ఇంట్లోనూ నిలవలేదన్నమాట. కుట్టు చూశానే గానీ ఏది ఎవరికి కప్పానో ఆలోచించకుండా మిమ్మల్ని అనుమానించాను. అనుమానించాల్సింది నా వాళ్ళని."

"మీరు మాత్రం, అపా?" అంది జిపర్. ఈమె నోటికి తాళం ఎప్పుడూ ఉండదు. "మీ ఇంటికొచ్చినవన్నీ మీ పెట్టెలోనే ఉన్నాయా?"

సల్కినాయ్ ఆమె తొడ గిల్లింది. ఆలస్యమైపోయింది. రాపియా తలెత్తి చూసింది. తర్వాత ఏమైందంటే, నవ్వింది. కన్నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "లేవు తల్లీ. మీ అత్తగారు పెట్టినవి మూడోవారమే ఊరు దాటాయి."

గదిలో గాలి తేలికైంది. రాపియా టీ పోసింది. సల్కినాయ్ మొదటిసారి కుర్చీలో వెనక్కి జారగిలబడింది. కొట్టు బతికిందనుకుంది. పిచ్చిపిల్ల.

"అయితే ఒకటి చెప్పు" అంది రాపియా గిన్నె అందిస్తూ. "దానిమ్మ రంగుది తెచ్చావా?"

సల్కినాయ్ గిన్నె కింద పెట్టింది. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, ఆ నీలం కుట్టు చూసి మానుకుంది. "లేదు. ఉంది అని తొందరపడి రాశాను. అమ్మే ఉద్దేశం లేదు. ఇవాళ చూస్తే మూటలో లేదు. ఎవరు తీశారో తెలీదు. నేను తీయలేదు, ఎజె కూడా…" అంటూ జిపర్ వైపు చూసింది. "ఎజె కూడా తీయలేదు."

జిపర్ బల్ల కింద తోడికోడలి చెయ్యి పట్టుకుంది.

"తీయలేదని నాకూ ఇప్పుడే నమ్మకం కుదిరింది" అని రాపియా లేచి లోపలి గదిలోకి వెళ్ళింది. వచ్చేటప్పుడు ఆవిడ చేతుల మీద దానిమ్మ రంగు శాలువా ఉంది. వెండిపోగు అంచు కిటికీ వెలుతురులో మెరిసింది.

ఇద్దరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు.

"నిన్న కొన్నాను. నీ దగ్గర కాదు. ఇంకో కొట్టు ఉంది, మొన్నమొన్న తెరిచారు. నీలాగే ఒకటే గోడ, ఒకటే రకం సరుకు. ఆ కొట్టు కూడా నీదే, రెండు పేర్లతో నడుపుతున్నావనుకున్నాను. నా దగ్గరున్నదాన్ని నువ్వెలా తెచ్చి అమ్ముతావో చూద్దామనే పిలిచాను."

"ఎవరిది ఆ కొట్టు?" అంది సల్కినాయ్.

"ఆవిడ రాయదు. అన్నీ గొంతుతోనే పంపిస్తుంది. ఆ గొంతు ఎవరిదో నాకు తెలుసు. కానీ ఆ పేరు నా నోటితో అనడం నాకు మర్యాద కాదు. కొన్నది నేనని ఆవిడకి తెలీదు. మీరే వినండి."

రాపియా ఫోను బల్లమీద పెట్టి వేలితో నొక్కింది. ముందు దగ్గు వినిపించింది. తర్వాత ఉర్కియా గొంతు, రోజూ పొద్దున్నే "టీ అయ్యిందా?" అని అడిగే అదే గొంతు, తాపీగా, ముద్దుగా పలికింది.

"శాలువా చేరిందా అమ్మా? ఒక్కరోజు కూడా వేసుకోలేదు, మూల చూసుకో. ఇంకా బోలెడున్నాయి నా దగ్గర, కాస్త ఓపికపట్టు. మా ఇంట్లో చిన్నకోడలొకతి ఇలాంటి కొట్టే నడుపుతోంది. పనంతా దాన్ని చూసే నేర్చుకున్నాను, పాపం మంచిదే. ఈ వారంలో దాని కొట్టు మూయిస్తాను. సాకు కూడా దొరికింది, ముట్టుకోవద్దన్న మూటలోది పోయిందంటే చాలు. ఆ తర్వాత అన్నీ నా దగ్గరే కొనుక్కుందువుగాని."